బోర్డు ఖాళీ, అందరూ బయటే

రాతి మీద చెక్కిన అక్షరాల్లో మట్టి చేరితే గుడ్డతో తుడిస్తే పోదు. దానికి పాత పళ్ళ బ్రష్షే గతి. రిటైరయ్యాక నా ఉద్యోగం అదే. మా ఫైర్ స్టేషన్ గేటు పక్కన మనిషెత్తు నల్లరాయి ఒకటి నిలబెట్టారు. దాని మీద మూడు పేర్లు. ఇద్దరు మా ఫైర్‌మెన్లు, ఒకాయన అంబులెన్స్ వాలంటీరు. వారానికి రెండుసార్లు ముక్కాలి పీట వేసుకుని దాని ముందు కూర్చుని పేరుపేరునా శుభ్రం చేస్తాను. "మీ పళ్ళు మీరెప్పుడైనా అంత శ్రద్ధగా తోముకున్నారా?" అని మా ఆవిడ సాధిస్తూ ఉంటుంది.

రాయి వెనకాల ఒక చిన్న గది. ఒకప్పుడు అందులో తడి పైపులు ఆరబెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు స్మారక మందిరం అంటున్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. గోడకి మూడు ఫోటోలు, అద్దాల బీరువాలో రెండు హెల్మెట్లు, ఒక పెద్ద కత్తెర. ఎదురుగోడకి నా బోర్డు. దాని ముందు నడుమెత్తు చెక్క బల్ల. గది తాళం నా దగ్గరే ఉంటుంది.

ఆ బోర్డు సంగతి కాస్త చెప్పాలి. పొగలోకి వెళ్ళే ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. మాస్కు తగిలించుకున్నాక, లోపలికి అడుగు పెట్టే ముందు, ఆ బిళ్ళ తెచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ బోర్డు మనిషి చేతిలో పెడతాడు. బోర్డు మనిషి దాన్ని కొక్కేనికి తగిలిస్తాడు. బయటికి రాగానే వాడు చెయ్యి చాచి తన బిళ్ళ తను పుచ్చుకుంటాడు. బోర్డు మీద బిళ్ళ ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. లేకపోతే బయట ఉన్నట్టు. అక్షరమ్ముక్క రానివాడికి కూడా తెలిసే లెక్క. నియమం ఒక్కటే. ఎవరి బిళ్ళ వాళ్ళ చేతికే ఇవ్వాలి. ఆఫీసరు అడిగినా, కన్నతండ్రి అడిగినా, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు.

ఇరవై ఆరేళ్ళు నేనే బోర్డు మనిషిని. నా బోర్డులో ఒక్క పొరపాటు కూడా లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి ఆ గదిలోనే, బోర్డు పక్కనే తగిలించారు. దాని మీద దుమ్ము మాత్రం నేను తుడవను.

ఇరవై రెండేళ్ళ కిందట దూది గోడౌను ఒకటి అంటుకుంది. దూది మంట పైకి కనపడదు, లోపల్లోపల తినేస్తుంది. ఆ రోజు ఆరుగురు లోపలికి వెళ్ళారు. కప్పు విరుగుతోందని వెనక్కి పిలిచారు. నలుగురు వచ్చి ఎవరి బిళ్ళలు వాళ్ళు తీసుకున్నారు. ఐదోవాడు బండోడు. ఎంత బరువైనా ఎత్తేసేవాడు, అందుకని ఆ పేరు. దగ్గుతో నడుం వంగిపోయి వచ్చి రెండు వేళ్ళు చూపించాడు.

"పొడుగోడు నా వెనకే వస్తున్నాడు. వాడిది కూడా ఇచ్చెయ్."

పొడుగోడు వాడి జంట. ఇద్దరూ కవలపిల్లల్లా తిరిగేవాళ్ళు. నేను రెండు బిళ్ళలూ ఇచ్చేశాను. ఎందుకిచ్చావంటే ఏం చెప్పను? వాన కొడుతోంది, కళ్ళలో పొగ, పక్కన ఆఫీసరు అరుస్తున్నాడు, అందరూ వచ్చారా అని. బోర్డు చూశాను. కొక్కేలన్నీ ఖాళీ. "బోర్డు ఖాళీ. అందరూ బయటే," అన్నాను. వెతకడానికి సిద్ధంగా నిలబడ్డ జట్టుని ఆయన వెనక్కి పంపేశాడు.

పొడుగోడు రాలేదు. మూడు నిమిషాలయ్యాక బండోడు వెనక్కి తిరిగి చూసుకుని, మాస్కు కూడా లేకుండా లోపలికి పరిగెత్తాడు. వాణ్ణి ఆపబోయి అంబులెన్స్ వాలంటీరు ఒకాయన వెంట వెళ్ళాడు. పగలు బట్టలు కుట్టేవాడు, సాయంత్రాలు స్ట్రెచరు మోసేవాడు. టైలరనే పిలిచేవాళ్ళం. బీరువాలో ఉన్న కత్తెర ఆయనదే. కప్పు ముగ్గురి మీదా కూలిపోయింది. ఆ బిళ్ళలు తర్వాత బూడిదలో కరిగి ముద్దయి దొరికాయి. ఏది ఎవరి జేబులో ఉందో చెప్పడానికి లేకుండా పోయింది.

విచారణలో నేనేం చెప్పానంటే, ఆరుగురూ బయటికి వచ్చారు, ఎవరి బిళ్ళలు వాళ్ళు తీసుకున్నారు, ఆ తర్వాతే ఇద్దరు మళ్ళీ లోపలికి వెళ్ళారు. కాదనడానికి ఎవరూ మిగల్లేదు. ఆ పొగలో ఎవరు ఎవరిని చూశారు గనక. అందరూ నా బోర్డునే నమ్మారు. రాయి మీద పేర్ల కింద ఇలా చెక్కించారు: "క్షేమంగా బయటికి వచ్చి కూడా, తోటివారి కోసం తిరిగి మంటల్లోకి నడిచిన వీరులు." ఆ వాక్యం నేను చెప్పిన సాక్ష్యంలోంచే తీసుకున్నారు.

పొడుగోడు క్షేమంగా బయటికి రాలేదు. అసలు బయటికే రాలేదు. నిజం నిప్పులాంటిదంటారు. నిప్పు ఆర్పడమేగా నా వృత్తి.

ఇదంతా మా అమ్మాయికి తెలియదు. మా ఆవిడకీ తెలియదు. మందుల షాపులో పని చేస్తూ, అంబులెన్స్‌కి వాలంటీరుగా చేరతానని అమ్మాయి అన్నప్పుడు నేను వద్దనలేకపోయాను. వద్దంటే ఎందుకని అడుగుతుంది. నాకు ఆడపిల్లని పంపడం ఇష్టం లేదనుకుని వాళ్ళమ్మ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు కూడా.

ఆ సాయంత్రం వాన. ఇంకా ఏడు కాలేదు గాని, అప్పుడే చీకటి పడిపోయింది. మర్నాడు స్మారక దినం. నేను గదిలో బల్ల తుడుస్తున్నాను. అమ్మాయి షాపు నుంచి అటే వచ్చింది, గొడుగు విదిలించుకుంటూ.

"నాన్నా, ఆ రాయిని ఇంక వదిలెయ్. ఇంకో ఏడాది తోమావంటే పేర్లు అరిగిపోతాయి."

"నువ్వు ఇంటికి పోకుండా ఇటొచ్చావేం?"

"ఇవాళ నా డ్యూటీ కదా. ఇంకో మాట. రేపు రాయి మీద వాక్యం పైకి చదివేది నేనే. వాలంటీర్ల తరఫున."

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఇంకెవరూ దొరకలేదా?"

"బోర్డు మనిషి కూతుర్ని. నేను చదవకపోతే ఎవరు చదువుతారు?" అంది. ఎంత గర్వంగా అందో. సరేలే అన్నాను. ఇరవై రెండేళ్ళుగా నాకు అలవాటైన మాట అదొక్కటే.

అప్పుడే గంట మోగింది. షెడ్డులో బూట్ల చప్పుడు. ఇప్పటి బోర్డు మనిషి పరిగెడుతూ గుమ్మంలోంచి తల పెట్టాడు. నా దగ్గర పని నేర్చుకున్నవాడే. నలభై దాటాయి, బట్టతల, ఇద్దరు పిల్లల తండ్రి. ఇప్పటికీ నన్ను గురువుగారూ అనే పిలుస్తాడు.

"పరుపుల గోడౌను గురువుగారూ," అన్నాడు. ఇంకేం చెప్పలేదు. చెప్పక్కర్లేదు. ఆ దూది గోడౌను కూలిన స్థలంలోనే ఆ మూడంతస్తులు కట్టారు.

అమ్మాయి అప్పటికే చేతులకి గ్లవ్స్ తొడుక్కుంటోంది.

"లోపలికి మాత్రం వెళ్ళకు," అన్నాను.

"పేషెంటునే లేచి నడిచి రమ్మంటానులే," అని నవ్వి వానలోకి వెళ్ళిపోయింది.

ఫైరింజను వెళ్ళింది, వెనకే అంబులెన్స్ వెళ్ళింది. స్టేషన్ మొత్తం ఖాళీ అయిపోయింది. బల్లకీ బోర్డుకీ మధ్య, మూలన పాత వైర్‌లెస్ సెట్టు ఉంటుంది. బ్యాటరీ మీద నడుస్తుంది. దాంట్లో మాటలు వినడమే గాని, మనం మాట్లాడటానికి లేదు. రిటైరైనవాడి మాట ఎవరికి కావాలని మైకు పీకేశారు. దాన్ని ఆన్ చేసి దగ్గరగా పీట లాక్కున్నాను.

కాసేపు గరగరమని శబ్దం. తర్వాత నా శిష్యుడి గొంతు. "బోర్డు మీద ఐదు... వాచ్‌మన్ రెండో అంతస్తు మెట్ల మీద పడి ఉన్నాడు... ఊపిరి ఉంది... స్ట్రెచరు కావాలి."

ఇంకో నిమిషం. "వాలంటీరమ్మాయి వెళ్తోంది. మాస్కు ఇచ్చాం. బోర్డు మీద ఆరు."

అప్పుడే కరెంటు పోయింది.

భయపడ్డానని చెప్పను. ఆ గదిలో చీకటి నాకు కొత్త కాదు. సెట్టు మీద ఎర్ర బొట్టంత దీపం మాత్రం వెలుగుతోంది. బయట వాన. కిటికీ రెక్క కొట్టుకుంటోంది. ఫోను కోసం జేబు తడుముకుంటుంటే వాసన తగిలింది. కాలుతున్న వాసన. పరుపులదయితే రబ్బరు కంపు రావాలి. ఇది రబ్బరు కాదు. తడిసి, లోపల్లోపల కమిలే దూది. ఒక్కసారి పీల్చినవాడు చచ్చేదాకా మర్చిపోడు. అది కిటికీలోంచి రావడం లేదు. బోర్డు ఉన్న గోడ వైపు నుంచి వస్తోంది.

తర్వాత చిన్న చప్పుడు. ఇత్తడి మీద ఇత్తడి తగిలినట్టు.

ఫోను లైటు వేసి బోర్డు మీదికి తిప్పాను. ఆ బోర్డుని ఖాళీగానే పెట్టారు. కొక్కేలు ఖాళీగా ఉండటమే దాని గొప్ప అని, ఇరవై రెండేళ్ళుగా అలాగే ఉంది. ఇప్పుడు దాని మీద ఆరు బిళ్ళలు వేలాడుతున్నాయి. ఐదు ఇత్తడివి. ఆరోది ఎర్రది. వాలంటీర్లకి ఇచ్చే ప్లాస్టిక్ బిళ్ళ.

అన్నీ మెల్లగా ఊగుతున్నాయి... ఎవరో ఇప్పుడే తగిలించి చెయ్యి తీసినట్టు.

నేను లేవాలనుకున్నాను.

బల్లకి అవతల ఎవరో ఊపిరి పీల్చారు. మాస్కులోంచి పీల్చే ఊపిరి. లోపలికి ఒకటి... బయటికి ఒకటి. ఆ చప్పుడు వింటూనే నేను ముసలివాణ్ణయ్యాను, పొరపడే ప్రసక్తే లేదు. బల్ల మీదికి ఒక చెయ్యి వచ్చింది. తడి గ్లవ్. అరచెయ్యి పైకి చాచి ఉంది. లైటు చేతి మీద పడింది గాని చేతి వెనక మనిషి మీద పడలేదు.

ఇంక నాకు తెలిసిందల్లా అలవాటు. మొదటి బిళ్ళ తీసి ఆ చేతిలో పెట్టాను. చెయ్యి మూసుకుంది. చీకట్లోకి వెళ్ళిపోయింది.

సెట్టులో నా శిష్యుడు అన్నాడు, "వాచ్‌మన్‌ని స్ట్రెచరెక్కించారు. తీసుకొస్తున్నారు... బోర్డు మీద ఐదు."

రెండో చెయ్యి వచ్చింది. ఇచ్చాను. "నాలుగు," అంది సెట్టు. మూడో చెయ్యి. "మూడు." నాలుగో చెయ్యి. "రెండు." బల్ల మీద నీళ్ళు కారి నా మోకాళ్ళ మీద పడుతున్నాయి. ఆ నీళ్ళు వెచ్చగా ఉన్నాయి.

ఐదో చెయ్యి చాచలేదు. బల్ల మీద ఆనింది. ఎవరో దగ్గుతున్నారు. చాలాసేపు దగ్గారు. తర్వాత రెండు వేళ్ళు పైకి లేచాయి.

"ఆ పిల్ల నా వెనకే వస్తోంది." గుసగుస. "తనది కూడా ఇచ్చెయ్."

ఈసారి నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా, ప్రతి రాత్రీ కళ్ళు మూసుకోగానే, నేను చెప్పాల్సిన జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను. వాడి ఇత్తడి బిళ్ళ బల్ల మీద పెట్టి, ఎర్ర బిళ్ళ లాగి పిడికిట్లో బిగించాను.

"ఇవ్వను. తనని రమ్మను. తన చేతికే ఇస్తాను."

"వెనకే వస్తోంది..."

"రానీ."

ఊపిరి లోపలికి... బయటికి...

"అప్పుడిచ్చావుగా," అంది గొంతు.

నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. "ఇచ్చాను. తప్పయిపోయింది. దీన్ని మాత్రం ఇవ్వను. చంపినా ఇవ్వను."

వేళ్ళు కాసేపు అలాగే ఉన్నాయి. ఒక వేలు ముడుచుకుంది. రెండోదీ ముడుచుకుంది. చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. వాసన కూడా తగ్గింది. వాన చప్పుడు మళ్ళీ వినపడింది. నా పిడికిట్లో బిళ్ళ అంచు గుచ్చుకుంటోంది. అమ్మాయిని బతికించుకున్నాను, అనుకున్నాను. ఒక్కసారైనా నా పని నేను సరిగ్గా చేశాను.

సెట్టు గరగరలాడింది.

"బోర్డు ఖాళీ. అందరూ బయటే."

పిడికిలి తెరిచాను. అరచేతిలో తడి తప్ప ఏమీ లేదు.

సెట్టులోకి అరిచాను. మైకు లేదని తెలుసు. అయినా దాన్ని రెండు చేతులా పట్టుకుని, అమ్మాయి లోపలే ఉంది, లోపలే ఉంది అని అరిచాను. సెట్టులో ఆఫీసరు ఎవరితోనో మామూలుగా మాట్లాడుతున్నాడు, కింది షట్టరు దింపెయ్యమని, వెతికే జట్టు అక్కర్లేదని. శిష్యుడికి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. బోర్డు దగ్గర నిలబడ్డవాడు ఫోను బండిలోనే వదిలెయ్యాలి. ఆ పద్ధతి పెట్టింది నేనే.

గది తాళం కూడా వెయ్యకుండా రోడ్డు మీదికి వచ్చేశాను. గోడౌనుకి నాలుగు వీధులు. నా మోకాళ్ళతో అది నాలుగు ఊళ్ళతో సమానం. ఎదురొచ్చిన కారుకి అడ్డం వెళ్ళాను. హారన్ కొట్టి పక్కనించి పోయాడు. రెండుసార్లు పడ్డాను. ఇరవై ఆరేళ్ళు ఊరంతటికీ సాయానికి పరిగెత్తిన మనిషిని, నా పిల్ల దగ్గరికి నేను పరిగెత్తలేకపోయాను.

నేను వెళ్ళేసరికి షట్టరు దింపేశారు. పైకిటికీల్లోంచి పొగ మెల్లగా వస్తోంది. వాచ్‌మన్‌ని అంబులెన్స్‌లోకి ఎక్కిస్తున్నారు. నా శిష్యుడు బోర్డు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. బట్టతల మీంచి వాన కారుతోంది. నన్ను చూసి నవ్వాడు.

"మా అమ్మాయేది?" అన్నాను.

నవ్వు ఆగింది. "మీతోనే ఉందనుకున్నానే?"

"నాతోనా?"

"ఇందాక వచ్చారు కదా గురువుగారూ. అమ్మాయి వెనకే వస్తోంది, తన బిళ్ళ ఇచ్చెయ్ అన్నారు. ఇచ్చాను." నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "మీకు ఇవ్వకపోతే ఇంకెవరికిస్తాను? బోర్డు పట్టుకోవడం నేర్పిందే మీరు."

"నేను రాలేదు రా."

"మీరే. ఇదే చొక్కా." ఆగాడు. "దగ్గుతున్నారు కూడా."

ఆఫీసరు విన్నాడు. షట్టరు ఎత్తమని అరిచాడు. ఇద్దరు మళ్ళీ మాస్కులు బిగిస్తున్నారు. వాచ్‌మన్‌ని మోసుకొచ్చినవాళ్ళు, అమ్మాయి మా వెనకే మెట్లు దిగిందనుకున్నాం అంటున్నారు. "బోర్డు ఖాళీ అయి ఎంతసేపయింది?" అని ఆఫీసరు అడిగితే శిష్యుడు వాచీ చూసి, "పదకొండు నిమిషాలు," అన్నాడు. మాస్కు సిలిండరులో గాలి అప్పటికే అయిపోయి ఉంటుందని అక్కడున్న అందరికీ తెలుసు.

నేను నీళ్ళలో మోకాళ్ళ మీద కూలబడి, చెప్పేశాను. అంతా చెప్పేశాను. పొడుగోడి బిళ్ళ బండోడి చేతికిచ్చింది నేనేనని, బోర్డు ఖాళీ అన్నది నేనేనని, రాయి మీద ఉన్నది అబద్ధమని. పేరుపేరునా చెప్పాను. పంపు మోతలో ఎవరికీ వినపడలేదు. శిష్యుడు ఒక్కడు వంగి, "ఏడవకండి గురువుగారూ, దొరుకుతుంది," అని నా భుజం తట్టాడు.

అప్పుడు షట్టరు కింద పొగలో ఏదో కదిలింది.

అమ్మాయి తనంతట తనే నడిచి వచ్చింది. మాస్కు మెడలో వేలాడుతోంది. చాలా మెల్లగా, అలసిపోయిన మనిషిలా, ఒక్కో అడుగే వేస్తోంది. కుడిచెయ్యి పక్కకి చాచి ఉంది, ఎవరో పట్టుకుని నడిపిస్తున్నట్టు. గుమ్మం దాటగానే ఆ చెయ్యి టక్కున జారి ఒంటికి కొట్టుకుంది. తను ఆగి, వెనక్కి తిరిగి, చాలాసేపు లోపలికి చూసింది. తర్వాత పడిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరు, ఇంత తక్కువ పొగతో బయటపడటం అదృష్టం అన్నాడు. మా ఆవిడ బయట బెంచీ మీద కూర్చుని ఏడుస్తోంది. నేను మంచం పక్కన కూర్చున్నాను. తొమ్మిది గంటలప్పుడు అమ్మాయి కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

"నాన్నా... నువ్వు ఏం మారలేదు."

"ఎందుకు మారతానమ్మా?"

"ఎన్నేళ్ళయింది?"

"పదకొండు నిమిషాలు తల్లీ."

"అబద్ధం చెప్పకు," అంది. కోపంగా అనలేదు. ఎప్పట్నుంచో తెలిసిన సంగతి అన్నట్టు అంది.

తనే చెప్పింది, ఆగి ఆగి, గుసగుసగా. లోపల పొడుగాటి ఆయన ఒకరున్నారట. గోడకి ఆనుకుని కూర్చున్నారట. తనని పక్కన కూర్చోబెట్టుకున్నారట.

"మొదట్లో నేనే ఆయనకి ధైర్యం చెప్పేదాన్ని. మనకోసం వస్తారు, బోర్డు మీద నా బిళ్ళ ఉంది అని. ఎవరూ రారమ్మా అనేవారు. నేను నమ్మలేదు... తర్వాత బయట ఎవరో బోర్డు ఖాళీ అన్నది నాకూ వినపడింది."

"ఇంక మాట్లాడకు. నిద్రపో."

"ఎవరి అమ్మాయివని అడిగారు. చెప్పాను." కళ్ళు మూసుకుంది. "ఆ తర్వాత చాలా కాలం ఆయన నాతో మాట్లాడలేదు."

మంచం పట్టీ గట్టిగా పట్టుకున్నాను.

"చివరికి లేచి దారి చూపించారు. మీరూ రండి అన్నాను. చెయ్యి పట్టుకుని లాగాను కూడా. గుమ్మం దగ్గర ఆగిపోయారు." అమ్మాయి నా వైపు తిరిగింది. "తను ఎప్పుడో క్షేమంగా బయటికి వచ్చేసినట్టు రాయి మీద రాసుందట కదా. వచ్చేసినవాడు మళ్ళీ ఎలా వస్తాడమ్మా అన్నారు... నిజమేనా నాన్నా?"

చెప్పాలనే నోరు తెరిచాను. తను నా మొహంలోనే చదువుకుంది. చదువుకుని గోడ వైపు తిరిగింది.

అప్పుడు నర్సు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "ఒకసారి ఇటు చూస్తారా?" అంది. గొంతు ఎలాగో ఉంది. అమ్మాయి చేతులకి ఇంకా ఆ అంబులెన్స్ గ్లవ్స్ అలాగే ఉన్నాయి. సూది పెట్టడానికి విప్పబోతే రాలేదట, లోపల ఏదో అడ్డం పడుతోందట. కత్తెర పెట్టి మణికట్టు నుంచి వేళ్ళ దాకా కోసింది. రెండు పక్కలకీ విప్పి, తను ఒక అడుగు వెనక్కి వేసింది.

గోళ్ళు. మందులు పొట్లాలు కట్టే పిల్ల, వేలి కొసలు దాటనివ్వదు ఎప్పుడూ. ఇప్పుడు ఒక్కోటీ బెత్తెడు పొడుగుంది. పసుపు పచ్చగా, మందంగా, చోటు లేక వంకర తిరిగి, అరచేతి కిందికి చుట్టుకుని ఉన్నాయి. కొన్ని విరిగి మళ్ళీ పెరిగాయి.

"ఎప్పట్నుంచి కత్తిరించుకోలేదు ఈ అమ్మాయి?" అంది నర్సు.

నేను ఆమె చేతిలోంచి కత్తెర తీసుకున్నాను. ఒక్కో వేలూ పట్టుకుని, నొప్పి పుట్టకుండా, కత్తిరించడం మొదలుపెట్టాను. గట్టిగా ఉన్నాయి, రెండు చేతులా నొక్కితే గాని తెగడం లేదు. అమ్మాయి గోడ వైపే చూస్తూ పడుకుంది, చెయ్యి మాత్రం వెనక్కి లాక్కోలేదు. ట్రేలో గోళ్ళు పడుతున్న చప్పుడుకి మా ఆవిడ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

పదకొండు నిమిషాలకి ఇంత పెరిగాయి. పొడుగోడు లోపలికి వెళ్ళి ఇరవై రెండేళ్ళు.